స్టీరింగ్ పట్టడానికి తొందరపడని యువత

అమెరికాలో 1983లో 18 ఏళ్ల వారిలో 80.4 శాతం మందికి డ్రైవింగ్ లైసెన్సు ఉండేది. 2014 నాటికి అది 60.1 శాతానికి దిగింది. 16 ఏళ్ల వారిలోనైతే 46.2 శాతం నుంచి 24.5 శాతానికి, అంటే దాదాపు సగానికి పడిపోయింది. 20 నుంచి 24 ఏళ్ల వారిలోనూ 91.8 శాతం కాస్తా 76.7 శాతమైంది. అమెరికా కేంద్ర ప్రభుత్వ రహదారుల సంస్థ అయిన ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ ఏటా ప్రచురించే లెక్కలను మిషిగన్ విశ్వవిద్యాలయ రవాణా పరిశోధన సంస్థకు చెందిన మైఖేల్ సివాక్, బ్రాండన్ షోట్ల్ వయసులవారీగా విడదీసి చూసినప్పుడు తేలిన అంకెలివి. రాష్ట్రాలు పంపే సమాచారంలో, ముఖ్యంగా 16 ఏళ్ల వారి విషయంలో, లోపాలున్నాయని రహదారి భద్రతా పరిశోధకులు చాలాకాలంగా అంటున్నారు కనుక దశాంశ స్థానాలను మరీ పట్టించుకోనక్కర్లేదు. అయితే యువతలో ఏ వయసు వారిని తీసుకున్నా లెక్క ఒకే దిక్కుకు జరుగుతున్నప్పుడు ఆ దిక్కును మాత్రం శంకించలేం.

ఇదే కాలంలో వృద్ధుల లెక్క సరిగ్గా తిరగబడింది. 1983లో 70 ఏళ్లు దాటినవారిలో సగానికి కాస్త ఎక్కువ మందికే లైసెన్సు ఉండగా, 2014 నాటికి అది నాలుగింట మూడు వంతులను మించింది. ఒకనాటి వృద్ధ స్త్రీలలో చాలామంది ఎన్నడూ కారు నడపనివారు కావడం, తర్వాతి తరం స్త్రీలు యవ్వనంలోనే నేర్చుకుని ఆ లైసెన్సుతోనే వృద్ధాప్యంలోకి రావడం ఇందుకు ప్రధాన కారణం. కార్ల మీద సమాజానికే మోజు తీరిపోయిందన్న మాట అమెరికాకు వర్తించదని చెప్పడానికి ఈ ఒక్కటీ చాలు. మార్పు వచ్చింది కొత్తగా నేర్చుకోవలసిన వయసులో ఉన్నవారిలోనే.

ఇది ఒక్క అమెరికాకే పరిమితమూ కాదు, అన్నిచోట్లా జరుగుతున్నదీ కాదు. సివాక్, షోట్ల్ 15 దేశాలను పోల్చి చూస్తే అమెరికాతో పాటు కెనడా, బ్రిటన్, జర్మనీ, స్వీడన్, నార్వే, జపాన్, దక్షిణ కొరియాల్లో యువతలో లైసెన్సుల వాటా తగ్గింది. ఫిన్లాండ్, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, స్పెయిన్, ఇజ్రాయెల్, పోలండ్, లాత్వియాల్లో తగ్గలేదు. పోలండ్, లాత్వియాల్లో కమ్యూనిస్టు పాలన ముగిశాకే సొంత కారు సామాన్యులకు అందుబాటులోకి వచ్చింది కాబట్టి అక్కడ పెరుగుదల సహజం. కానీ పక్కపక్కనే ఉన్న స్వీడన్, ఫిన్లాండ్ చెరో దారిన నడవడం చూస్తే ఒక్క కారణంతో అన్ని దేశాలనూ వివరించబూనడం ఎంత ప్రమాదమో తెలుస్తుంది.

అలాంటి ఒక్క కారణంగా ఎక్కువగా ప్రచారంలో ఉన్నది ఫోను. స్నేహితులతో తెర మీదే మాట్లాడుకుంటున్నారు, సరుకులు ఇంటికే తెప్పించుకుంటున్నారు, ఎక్కడికైనా వెళ్లాలంటే యాప్‌లో టాక్సీ పిలుచుకుంటున్నారు, ఇక కారు నేర్చుకోవలసిన అవసరమేముందన్నది ఆ వాదన. పైన చెప్పిన 15 దేశాల పోలికలో ఇంటర్నెట్ వాడేవారి వాటా ఎక్కువగా ఉన్న దేశాల్లో యువత లైసెన్సుల వాటా తక్కువగా కనిపించడం దీనికి బలమిచ్చింది. రెండూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని చెప్పలేమన్నది అటుంచితే, ఈ వాదనను తేదీల పక్కన పెట్టి చూడటం అవసరం. 20 నుంచి 24 ఏళ్ల అమెరికన్లలో లైసెన్సు ఉన్నవారు 1983లో 91.8 శాతం, 2008లో 82 శాతం, 2011లో 79.7 శాతం, 2014లో 76.7 శాతం. 31 ఏళ్లలో తగ్గిన 15 పాయింట్లలో దాదాపు 10 పాయింట్లు 2008కి ముందే తగ్గిపోయాయి. ఐఫోన్ వచ్చింది 2007లో. ఉబర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో సేవలు మొదలుపెట్టింది 2010లో. జరిగిన తగ్గుదలలో మూడింట రెండు వంతులకు కారణాన్ని అప్పటికి ఇంకా అందరి చేతుల్లోకి రాని వస్తువులో వెతకడం కుదరదు. 2008 తర్వాత తగ్గుదల వేగం రెట్టింపుకు మించిన మాట నిజమే. కానీ అమెరికాను తీవ్ర ఆర్థిక మాంద్యం తాకింది కూడా సరిగ్గా అప్పుడే కనుక, ఆ వేగంలో ఫోను వాటా ఎంత, ఖాళీ జేబు వాటా ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు.

యువతనే అడిగితే ఏం చెప్పింది? 2013లో సివాక్, షోట్ల్ బృందం 18 నుంచి 39 ఏళ్ల మధ్య వయసులో ఉండి లైసెన్సు లేని సుమారు 600 మందిని కారణాలు అడిగింది. 37 శాతం మంది తీరిక లేదన్నారు. కారు కొని పోషించడం భారమని 32 శాతం, వేరొకరు ఎక్కించుకుని తీసుకువెళ్తున్నారని 31 శాతం చెప్పారు. నడక లేదా సైకిలే ఇష్టమన్నవారు 22 శాతం, ప్రజా రవాణాయే నయమన్నవారు 17 శాతం. పర్యావరణం కోసం మానుకున్నామన్నవారు 9 శాతం కాగా, పనులన్నీ ఆన్‌లైన్‌లోనే జరిగిపోతున్నాయన్నవారు 8 శాతం. పత్రికల శీర్షికల్లో తరచూ కనిపించే రెండు కారణాలూ ఈ జాబితాలో అట్టడుగున ఉండటం గమనించదగ్గది.

ఇక్కడ తీరిక లేదన్న జవాబును సోమరితనంగా కొట్టిపారేసిన వ్యాఖ్యాతలు చాలామందే ఉన్నారు. కానీ మనిషి దేనికైనా తీరిక చేసుకునేది రెండు విషయాలు చూసుకునే: ఆ పనికి ఎంత సమయం పడుతుంది, అది పూర్తయితే ఏం ఒరుగుతుంది. ఇంట్లో అదనపు కారు లేనివారికి, ఉద్యోగం లేనివారికి, కాలేజీ ఆవరణలోనే ఉంటున్నవారికి లైసెన్సు వల్ల వెంటనే కలిగే లాభం స్వల్పం. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్‌కు చెందిన రహదారి భద్రతా ఫౌండేషన్ 2012లో 18 నుంచి 20 ఏళ్ల వారిని అడిగినప్పుడు, లైసెన్సు ఆలస్యం చేసినవారిలో 44 శాతం మంది చెప్పిన కారణం నడపడానికి కారు లేకపోవడం. ఇక మొదటి విషయం, అంటే లైసెన్సుకు పట్టే సమయం, గత మూడు నాలుగు దశాబ్దాల్లో చాలా పెరిగింది. ఆ సమయాన్ని పెంచినవి ప్రభుత్వాలే, అదీ మంచి ఉద్దేశంతోనే.

కొత్తగా నడిపేవారిలో 16, 17 ఏళ్లవారు ప్రమాదాల్లో చిక్కుకునే రేటు చాలా ఎక్కువ. అమెరికాలో 16 నుంచి 19 ఏళ్ల వారు నడిపే ప్రతి మైలుకు జరిగే ప్రాణాంతక ప్రమాదాల రేటు 20 దాటినవారి రేటుకు దాదాపు మూడింతలు. అనుభవం లేకపోవడం ఒక కారణమైతే, రాత్రిపూట స్నేహితులను ఎక్కించుకుని తిరగడం మరొకటి. అందుకే పరీక్ష పాసయిన రోజునే పూర్తి హక్కు చేతికివ్వకుండా, ముందు పెద్దల పర్యవేక్షణలో నేర్చుకునే దశ, తర్వాత రాత్రి ప్రయాణాలపై, వెంట ఎక్కించుకునే స్నేహితుల సంఖ్యపై ఆంక్షలుండే మధ్యంతర దశ, ఆ పైన పూర్తి లైసెన్సు అనే మెట్ల పద్ధతిని 1987లో న్యూజీలాండ్ ప్రవేశపెట్టింది. అమెరికాలో 1996లో ఫ్లోరిడా దీన్ని మొదలుపెట్టగా, క్రమంగా అన్ని రాష్ట్రాలూ ఏదో ఒక రూపంలో అనుసరించాయి. 1975లో ఆ దేశంలో 13 నుంచి 19 ఏళ్ల వారు 8,700 మందికి పైగా వాహన ప్రమాదాల్లో మరణించగా ఇటీవలి సంవత్సరాల్లో ఆ సంఖ్య 3,000 దగ్గర ఉంది. సీటు బెల్టులు, ఎయిర్‌బ్యాగ్‌లు, మద్యం చట్టాలు కూడా ఇందులో పాలు పంచుకున్నాయి కాని, మెట్ల పద్ధతి పాత్ర తక్కువేమీ కాదు.

ఈ మెట్లు ఎక్కడం ఎలా ఉంటుందో ఆస్ట్రేలియాలోని న్యూసౌత్‌వేల్స్ నిబంధనలను దగ్గరగా చూస్తే అర్థమవుతుంది. 25 ఏళ్లలోపు వ్యక్తి అక్కడ లెర్నర్ లైసెన్సు తీసుకున్నాక పరీక్షకు వెళ్లాలంటే 120 గంటలు నడిపినట్టు లాగ్‌బుక్కులో నమోదు కావాలి. అందులో 20 గంటలు చీకటి పడ్డాక నడిపినవై ఉండాలి. పక్క సీట్లో పూర్తి లైసెన్సు ఉన్న వ్యక్తి కూర్చోవాలి, ప్రతి ప్రయాణానికీ ఆ వ్యక్తే సంతకం పెట్టాలి. డబ్బు కట్టి శిక్షకుడి దగ్గర నేర్చుకుంటే ఒక గంటను మూడు గంటలుగా లెక్కగడతారు కాని ఆ వెసులుబాటు మొదటి 10 గంటలకే. అంటే ఈ వెసులుబాటును పూర్తిగా వాడుకున్నా 100 గంటల పాటు బండి నడపాలి. తల్లో తండ్రో వారానికి రెండు గంటలు కేటాయించగలిగిన ఇంట్లో కూడా ఇది ఏడాది పని. ఆ తర్వాత కొత్త డ్రైవరని తెలిపేందుకు బండికి తగిలించే ఎర్ర పలకతో కనీసం ఒక సంవత్సరం, ఆకుపచ్చ పలకతో రెండు సంవత్సరాలు తిరిగాకే పూర్తి లైసెన్సు చేతికొస్తుంది. 25 నిండాక దరఖాస్తు చేసుకుంటే మాత్రం లాగ్‌బుక్కు అక్కర్లేదు. ఇంట్లో కారు లేని, లేదా కారున్నా నేర్పే తీరిక పెద్దలకు లేని 19 ఏళ్ల వ్యక్తికి ఈ నిబంధన పరోక్షంగా చెప్పేదొక్కటే: మరో ఆరేళ్లు ఆగితే పని సులువవుతుంది.

అమెరికాలో ఆ నిరీక్షణ ఇంకా తక్కువ. చాలా రాష్ట్రాల్లో మెట్ల పద్ధతి 18 ఏళ్లతో ముగుస్తుంది. ఆ వయసు దాకా ఆగినవారు పర్యవేక్షణ గంటలు గానీ, రాత్రి ఆంక్షలు గానీ లేకుండా నేరుగా పరీక్షకు వెళ్లి పూర్తి లైసెన్సు తెచ్చుకోవచ్చు. దీని ఫలితం 2011లో అమెరికన్ వైద్య సంఘం పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో బయటపడింది. స్కాట్ మాస్టెన్, రాబర్ట్ ఫాస్, స్టీఫెన్ మార్షల్ 1986 నుంచి 2007 వరకు దేశవ్యాప్త ప్రాణాంతక ప్రమాదాలను పరిశీలించగా, కఠినమైన మెట్ల పద్ధతి ఉన్న రాష్ట్రాల్లో 16 ఏళ్ల డ్రైవర్ల ప్రమాదాలు తగ్గినా 18 ఏళ్ల వారి ప్రమాదాలు పెరిగినట్టు తేలింది. ఆంక్షల నుంచి తప్పించుకోవడానికి ఆగినవారు అనుభవం లేకుండానే, ఆంక్షలూ లేకుండా రోడ్డెక్కుతున్నారన్నది దీనికి వినిపించిన వివరణల్లో ఒకటి.

అయితే లైసెన్సుల తగ్గుదలనంతా మెట్ల పద్ధతి ఖాతాలో వేయలేం. అలాంటి పద్ధతే లేని బ్రిటన్‌లో 17 నుంచి 20 ఏళ్ల వారిలో లైసెన్సు ఉన్నవారు 1990ల తొలినాళ్లలో 48 శాతం ఉండగా 2014 నాటికి 29 శాతమయ్యారు. 21 నుంచి 29 ఏళ్ల వారిలో 75 శాతం 63 శాతమైంది. అక్కడ అడ్డు మరో రూపంలో వచ్చింది. 1996లో విడిగా రాత పరీక్ష పెట్టారు. 2002లో తెర మీద వీడియోలు చూసి ముంచుకొచ్చే ప్రమాదాన్ని గుర్తించే పరీక్షను దానికి చేర్చారు. రోడ్డు మీద జరిగే అసలు పరీక్షలో పాసయ్యేవారు సగంలోపే. కోవిడ్ తర్వాత ఆ పరీక్షకు తేదీ దొరకడమే గగనమైంది, చాలా కేంద్రాల్లో నెలల తరబడి ఎదురుచూడవలసి వస్తోంది, ఖాళీ తేదీలను సాఫ్ట్‌వేర్‌తో పట్టేసి ఎక్కువ ధరకు అమ్ముకునే దళారులు కూడా పుట్టుకొచ్చారు. జర్మనీలో కారు లైసెన్సుకు 90 నిమిషాల చొప్పున 14 తరగతులు, మామూలు శిక్షణ కాక ఊరి బయటి రోడ్లపై 5, వేగంగా సాగే జాతీయ రహదారైన ఆటోబాన్‌పై 4, చీకట్లో 3 ప్రత్యేక పాఠాలు, ప్రథమ చికిత్సలో శిక్షణ, కంటి పరీక్ష తప్పనిసరి. ఫీజులన్నీ కలిపి ఇప్పుడు 2,500 నుంచి 3,500 యూరోల దాకా అవుతోంది. తప్పినవారికి అంతకన్నా ఎక్కువే. జపాన్‌లో డ్రైవింగ్ స్కూలు ఖర్చు 3 లక్షల యెన్ల దగ్గర ఉంటుంది. లైసెన్సు వచ్చాక కారు కొనాలంటే చాలా ప్రాంతాల్లో ముందు దాన్ని నిలిపే స్థలం ఉందని పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి.

అమెరికాలో లైసెన్సు ఖర్చు కుటుంబాల మీద పడిన తీరులో ఒక చిత్రమైన మలుపుంది. ఒకప్పుడు అక్కడి హైస్కూళ్లలో డ్రైవింగ్ కూడా ఒక పాఠమే. బడి కారులో, బడి ఉపాధ్యాయుడే ఉచితంగా లేదా నామమాత్రపు రుసుముకు నేర్పేవాడు. ఆ శిక్షణ వల్ల ప్రమాదాలు నిజంగా తగ్గుతున్నాయా అని తేల్చడానికి జార్జియా రాష్ట్రంలోని డికాల్బ్ కౌంటీలో 1970ల చివర 16,000 మందికి పైగా విద్యార్థులతో పెద్ద ప్రయోగం జరిగింది. శిక్షణ పొందినవారికి, పొందనివారికి మధ్య దీర్ఘకాలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నిధుల కొరతతో సతమతమవుతున్న పాఠశాలలకు ఆ ఫలితం ఒక సాకుగా దొరికింది, ఒక్కో జిల్లా ఆ పాఠాన్ని ఎత్తేసింది. కానీ రాష్ట్రాలు 18 ఏళ్లలోపు వారికి డ్రైవింగ్ శిక్షణ తప్పనిసరన్న షరతును మాత్రం చాలాచోట్ల ఎత్తేయలేదు. బడిలో దొరికేదాన్ని ఇప్పుడు ప్రైవేటు స్కూలులో వందల డాలర్లు పోసి కొనుక్కోవాలి. శిక్షణ వల్ల ప్రమాదాలు తగ్గకపోవచ్చు గాని, లైసెన్సుకు వెళ్లే దారి మాత్రం అందరికీ ఒకేలా ఉండేది. ఆ ప్రయోగం కొలవని సంగతి ఇదే.

ఆ పైన బీమా. ప్రమాదాల రేటు ఎక్కువ కాబట్టి టీనేజి డ్రైవర్ పేరును ఇంటి పాలసీలో చేర్చగానే ప్రీమియం అమాంతం పెరుగుతుంది. ఈ ఖర్చును ఒకప్పుడు పిల్లలు సాయంత్రాలు, వేసవి సెలవుల్లో చేసే చిన్న ఉద్యోగాలతో కొంతైనా భరించేవారు. అమెరికాలో 16 నుంచి 19 ఏళ్ల వారిలో పని చేస్తున్నవారు, పని కోసం వెతుకుతున్నవారు కలిపి 1979లో సుమారు 58 శాతం. 2011 నాటికి అది 34 శాతానికి చేరింది. కాలేజీ సీటు కోసం వేసవి కూడా చదువుకే పోవడం, ఆ చిన్న ఉద్యోగాలను పెద్దలే చేయడం వంటివి దీనికి కారణాలు. ఉద్యోగం లేకపోతే కారుకు డబ్బుండదు, ఉద్యోగానికి వెళ్లనక్కర్లేకపోతే కారు అవసరమూ తగ్గుతుంది. లైసెన్సును రెండు వైపుల నుంచీ దెబ్బతీసింది ఈ మార్పే. ఫోను గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయకపోవడం ఆశ్చర్యమే.

పెళ్లి, సొంత ఇల్లు, పిల్లలు కూడా ఇలాగే వెనక్కి జరిగాయి. 1980లో అమెరికాలో మొదటి పెళ్లి నాటికి పురుషుల మధ్యస్థ వయసు 25కు దగ్గర, స్త్రీలది 22. ఇప్పుడు 30, 28 దాటాయి. కారు అత్యవసరమయ్యేది చంటిపిల్లలున్న శివారు ఇంట్లో. ఆ ఇంటికి చేరడమే ఏళ్ల తరబడి ఆలస్యమైతే కారూ ఆలస్యమవుతుంది. అందుకే ఆర్థికవేత్తలు ఆదాయం, పెళ్లి, పిల్లలు, నివాసం వంటివన్నీ లెక్కలోకి తీసుకుని తరాలను పోల్చినప్పుడు అభిరుచుల్లో తేడా దాదాపు మాయమైపోతోంది. ఎంఐటీకి చెందిన క్రిస్టఫర్ నిట్టెల్, ఎలిజబెత్ మర్ఫీతో కలిసి 2019లో ఇలాంటి నిర్ధారణకే వచ్చారు. 2017లో నికొలస్ క్లైన్, మైఖేల్ స్మార్ట్ చేసిన పరిశీలనలో, తల్లిదండ్రుల మీద ఆధారపడకుండా బతుకుతున్న యువతకు, వారి ఆదాయం, ఆస్తి చూస్తే ఉండవలసిన దానికన్నా కాస్త ఎక్కువే కార్లున్నట్టు తేలింది. డబ్బుంటే కొంటారు, లేకపోతే కొనరు. ముందు తరం చేసిందీ ఇదే.

అయితే ఇదంతా వట్టి వాయిదాయేనా, లేక కొంతమంది శాశ్వతంగా మానేస్తున్నారా? 2013 సర్వేలో లైసెన్సు లేనివారిలో 69 శాతం మంది ఐదేళ్లలోపు తీసుకుంటామన్నారు, 22 శాతం మంది ఎప్పటికీ తీసుకోమన్నారు. ఉద్దేశాలు మారుతుంటాయి కాబట్టి అంకెలనే నమ్ముదాం. 1983కీ 2014కీ మధ్య తేడా 18 ఏళ్ల వారిలో 20 పాయింట్లు, 20 నుంచి 24 ఏళ్ల వారిలో 15 పాయింట్లు, 30 నుంచి 34 ఏళ్ల వారిలో దాదాపు 10 పాయింట్లు. వేర్వేరు సంవత్సరాల్లో పుట్టినవారిని పక్కపక్కన పెట్టి చూస్తున్నాం కనుక ఇది పక్కా లెక్క కాదు. అయినా స్థూలంగా చూస్తే, 18 ఏళ్ల నాటి వెలితిలో సగం 30ల్లోకి వచ్చేసరికి పూడుతోంది, సగం మిగిలిపోతోంది. వాయిదా సిద్ధాంతం మొదటి సగాన్ని చక్కగా వివరిస్తుంది. మిగిలిన సగం దగ్గర అది తడబడుతుంది.

ఆలస్యమే అలవాటుగా స్థిరపడే అవకాశమూ లేకపోలేదు. క్రిస్టఫర్ సెవరెన్, ఆర్థర్ వాన్ బెంథెమ్ చేసిన అధ్యయనంలో, 1979–80 చమురు సంక్షోభంలో పెట్రోలు ధర భగ్గుమన్న రోజుల్లో 15 నుంచి 18 ఏళ్ల వయసులో ఉన్నవారు, ఆ ధరలు దిగివచ్చి రెండు దశాబ్దాలు గడిచాక కూడా, తమకన్నా కాస్త ముందూ వెనుకా పుట్టినవారితో పోలిస్తే ఉద్యోగానికి కారులో వెళ్లడం తక్కువని తేలింది. తేడా చిన్నదే, కానీ చెరిగిపోలేదు. తొలి అడుగులు వేసే వయసులో ఎదురైన ఇబ్బంది జీవితకాలపు నడవడిని కొంత మలుస్తుందన్నమాట. 2008 తర్వాత ఉద్యోగాలు దొరకని రోజుల్లో 18 నిండినవారి విషయంలోనూ ఇలాగే జరిగితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక ఆ మిగిలిన సగంలో ఉన్నవారు ఎవరన్నది ఆలోచించవలసిన అసలు సంగతి. లైసెన్సు లేని యువత అనగానే మెట్రో రైలు దిగి కాఫీ దుకాణానికి నడిచి వెళ్లే నగరవాసి కళ్ల ముందు మెదులుతాడు. న్యూయార్క్, బెర్లిన్, టోక్యో వంటి చోట్ల అలాంటివారు నిజంగానే ఉన్నారు, వారికి ఇది త్యాగమేమీ కాదు. ఆ బొమ్మలో ఇమడనివారు మరెందరో ఉన్నారు. అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ ఫౌండేషన్ సర్వేలో 18 లోపు లైసెన్సు తీసుకున్నవారి వాటా సంపన్న కుటుంబాలతో పోలిస్తే పేద కుటుంబాల్లో బాగా తక్కువ. ట్రాఫిక్ జరిమానాలు, కోర్టు రుసుములు కట్టలేక లైసెన్సు సస్పెండ్ అయినవారున్నారు. 2005లో గుర్తింపు కార్డులకు దేశవ్యాప్త ప్రమాణాలు విధించే రియల్ ఐడీ చట్టం వచ్చాక చాలా రాష్ట్రాలు లైసెన్సుకు చట్టబద్ధ నివాసపు రుజువు అడగడంతో, వలస పత్రాలు లేని కుటుంబాల యువతకు దరఖాస్తు చేసే దారే మూసుకుపోయింది. ఆ తర్వాత కొన్ని రాష్ట్రాలు వారికి విడిగా లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టాయి. బస్సు రాని ఊళ్లో ఉంటూ లైసెన్సు లేని యువకుడికీ, నగరంలో ఉంటూ అక్కర్లేదనుకున్న యువతికీ గణాంకాల పట్టికలో ఉన్నది ఒకే గడి. ఆ గడిలో సంఖ్య పెరిగినప్పుడు సంతోషించాలా, విచారించాలా అన్నది ఈ ఇద్దరిలో ఎవరు ఎంతమందో తెలిస్తే తప్ప చెప్పలేం.

పైగా లైసెన్సు లేనివారు కారుకు దూరమయ్యారనుకోవడమూ పొరపాటే. వేరొకరు ఎక్కించుకుంటున్నారన్న 31 శాతం మందిని ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1969లో అమెరికాలో 5 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో సుమారు 48 శాతం మంది నడిచో, సైకిలు మీదో బడికి వెళ్లేవారు. 2009 నాటికి వారు 13 శాతమే. పిల్లలను బడికి, ఆటలకు, స్నేహితుల ఇళ్లకు కారులో దింపడం తల్లిదండ్రుల దినచర్యగా మారింది. 16 వచ్చేసరికి ఆ ఏర్పాటు ఎలాగూ నడుస్తుంటుంది కనుక, సొంతంగా నడపవలసిన ఒత్తిడి ఆ పిల్లల మీద ఉండదు. కారు మీద ఆధారపడటం తగ్గలేదు, డ్రైవరు సీటులో కూర్చునేది మాత్రం ఇంకొకరు. దీన్ని హరిత పరివర్తనగా లెక్కించిన విశ్లేషణలను అందుకే కాస్త అనుమానంతో చదవాలి.

కొన్ని ప్రభుత్వాలు ఈ తగ్గుదలను ఉపాధి సమస్యగానే చూస్తున్నాయి. లైసెన్సు లేకపోతే డెలివరీ, ఇళ్లకు వెళ్లి చేసే వైద్య సేవలు, నిర్మాణం, మరమ్మతుల వంటి ఎన్నో పనులకు దరఖాస్తే పెట్టుకోలేరు. ఫ్రాన్స్ రోజుకు ఒక యూరో చొప్పున కట్టుకునే డ్రైవింగ్ శిక్షణ రుణాన్ని 2005లోనే తెచ్చింది. 2024 జనవరి 1 నుంచి లైసెన్సు వయసును 18 నుంచి 17కు తగ్గించింది. స్వీడన్ 2018లో ఉద్యోగం లేనివారికి లైసెన్సు కోసం ప్రత్యేక రుణాలు మొదలుపెట్టింది. వయసు తగ్గిస్తే ఖర్చు తగ్గదు, రుణం ఇస్తే అది వాయిదాల్లోకి మారుతుంది గాని పోదు. పక్క సీట్లో గంటల తరబడి కూర్చునే మనిషినీ, నేర్చుకోవడానికో కారునూ ఈ పథకాలేవీ సమకూర్చలేవు. న్యూసౌత్‌వేల్స్‌లో ఇంట్లో నేర్పేవారు లేని యువతకు స్వచ్ఛంద సేవకులను, వాహనాలను ఏర్పాటు చేసే కార్యక్రమాలు ఉన్నాయి. పరిమాణంలో చిన్నవే అయినా అసలు లోటు ఎక్కడుందో గుర్తించి పుట్టినవి అవే.

భద్రత వైపు నుంచి చూస్తే తేలవలసిన ప్రశ్న మరొకటుంది. మెట్ల పద్ధతి నిబంధనలు రాసిన నాడు కొత్త డ్రైవరంటే 16, 17 ఏళ్ల వ్యక్తి. నేడు అమెరికాలో ఏటా తొలిసారి స్టీరింగ్ పడుతున్నవారిలో 18 దాటినవారు గణనీయంగా ఉన్నా, చాలా రాష్ట్రాల్లో వారికి పర్యవేక్షణ గంటలూ లేవు, రాత్రి ఆంక్షలూ లేవు. న్యూజెర్సీ 21 ఏళ్లలోపు కొత్త డ్రైవర్లందరికీ మెట్ల పద్ధతిని వర్తింపజేస్తోంది. టెక్సస్ 2010 నుంచి 18 నుంచి 24 ఏళ్ల దరఖాస్తుదారులకు ఆరు గంటల తరగతిని తప్పనిసరి చేసింది. ఆంక్షలను పై వయసులకు పొడిగిస్తే 18 ఏళ్లవారి ప్రమాదాలు తగ్గవచ్చు, దాంతో పాటే తీరిక లేదని చెప్పేవారి సంఖ్య పెరగవచ్చు. ఆ రెండింటిలో ఏది ఎంత అన్నది లెక్కించకుండానే మిగతా రాష్ట్రాల్లో చాలావరకు తమ పాత వయోపరిమితులను కొనసాగిస్తున్నాయి.